రాయగడ మీదుగా అరకు: చిన్నపిల్లలకు దారిలో ఆటస్థలాలు ఎలా వెతకాలి?

ప్రశ్న (బరంపురం)
నమస్కారమండీ. వచ్చే నెల కారులో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ మీదుగా అరకు, అక్కణ్ణుంచి విశాఖ వెళ్తున్నాం. పాపకు 2 ఏళ్లు, బాబుకు 5. మధ్యమధ్యలో దించి ఆడించకపోతే ఇద్దరూ సీట్లో కుదురుగా కూర్చోరు. మ్యాప్‌లో పార్క్ అని కొడితే విగ్రహం చుట్టూ గడ్డి ఉన్న చోట్లు కూడా వచ్చేస్తున్నాయి. జారుడుబల్ల, ఉయ్యాల నిజంగా ఉన్న చోటు ముందే ఎలా తెలుస్తుంది? వెళ్లాక పిల్లల్ని వదలొచ్చో లేదో ఏం చూసి చెప్పాలి?

జవాబు 1 (రాయగడ)
ఉత్త పార్క్ అని కొట్టకండి. ‘చిల్డ్రన్ పార్క్’, ‘శిశు ఉద్యాన్’ అని విడివిడిగా వెతకండి. చుక్క కనబడగానే బయల్దేరిపోకుండా ఫోటోల్లో కొత్తవి ముందు చూడండి. గేటు, ఫౌంటెన్ ఫోటోల వల్ల ఉపయోగం లేదు. మనుషుల వెనకాల ఏముందో చూడాలి: ఉయ్యాలకు బల్ల ఉందా, ఉత్త గొలుసే వేలాడుతోందా, జారుడుబల్ల కింది అంచు విరిగిందా. నాలుగేళ్ల కిందటి ఫోటోలో ఉన్న ఉయ్యాల ఇప్పుడు ఉండాలని లేదు.

గుణుపురం–రాయగడ మధ్యా, రాయగడ దాటి కోరాపుట్ వెళ్లే దారిలో లక్ష్మీపూర్ ఘాట్‌లోనూ సిగ్నల్ పోతుంటుంది. ఆర్గానిక్ మ్యాప్స్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వివరాలతో నడుస్తుంది, అందులో ఆటస్థలాలకు వేరే గుర్తు ఉంటుంది. చిన్న ఊళ్ల వివరాలు మాత్రం పలచగా ఉంటాయి. అందులో కనబడలేదంటే ఊళ్లోనే లేదని కాదు. మందుల షాపులోనో ఆటోస్టాండ్‌లోనో అడగండి. రాయగడ దాకా తెలుగులో అడిగినా చెప్తారు, అది దాటాక ఒడియాలో ‘పిలాంక పార్క్ కేఉఁఠి?’ (పిల్లల పార్క్ ఎక్కడ?) అంటే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం వేళ. మున్సిపాలిటీ పార్కులు చాలావరకు పొద్దున్న నడకకొచ్చేవాళ్ల కోసం తీసి, మధ్యాహ్నం తాళం వేసి, మళ్లీ 3–4 గంటలకు తీస్తారు. మధ్యాహ్నం దారిలో ఉండి, సాయంత్రానికి ఊరు చేరేలా పెట్టుకోండి.

జవాబు 2 (పర్లాకిమిడి)
వెళ్లాక ముందు నేల చూడండి, ఆటసామాను తర్వాత. దెబ్బలు ఎక్కువగా తగిలేది నేల వల్లే. 4 అడుగుల ఎత్తు నుంచి పడినా తట్టుకోవాలంటే కింద కనీసం 9 అంగుళాల వదులు ఇసుక కావాలి. మన పార్కుల్లో ఇసుక పోసి వదిలేస్తారు, వానకు తడిసి ఎండి గట్టిపడిపోతుంది. మడమతో తన్ని చూడండి, దిగకపోతే అది ఇసుక కాదు, నేలే. జారుడుబల్ల దిగేచోటా ఉయ్యాల కిందా పిల్లల కాళ్లకు మట్టి గుంటపడి, స్తంభాలు పాతిన సిమెంటు దిమ్మ బయటికి తేలుతుంది. అలాంటి చోట ఆడించొద్దు.

తర్వాత సందులు. కమ్మీల మధ్య ఖాళీ 3½ అంగుళాలకు మించి, 9 అంగుళాల లోపు ఉంటే ప్రమాదం. కాళ్లు ముందు పెడితే ఒళ్లు దూరిపోతుంది, తల ఇరుక్కుంటుంది. మీ పిడికిలి సులువుగా దూరి, పాప తల దూరనంత సందైతే అటు ఎక్కనివ్వకండి.

ఉయ్యాల కొక్కేలు నోరు తెరుచుకున్నాయేమో, పైన గొలుసు రాసుకుని సన్నబడిందేమో తలెత్తి చూడండి. పాపకు నాలుగువైపులా మూసిన బకెట్ ఉయ్యాలే కావాలి. అది లేకపోతే ఉయ్యాల మానేయండి, ఒళ్లో పెట్టుకుని ఊగొద్దు. ఉయ్యాల ఊగుతుంటే వేరే పిల్లలు దాని ముందూ వెనకా, పైకమ్మీ ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి.

సీ-సా బల్ల (ఇద్దరు చెరో చివర కూర్చుని పైకీ కిందికీ ఊగేది) చివర్ల కింద సగం పాతిన టైరు ఉండాలి. అది లేకపోతే బల్ల నేలకు గుద్దుకుని నడుము అదురుతుంది, కింద పాదం ఉంటే నలుగుతుంది.

ఎండాకాలం రేకు జారుడుబల్ల మీద చేతి వెనక వైపు 5 సెకన్లు ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే పిల్లల చర్మం కాలుతుంది. నల్ల రబ్బరు పలకలూ అంతే, చెప్పులు విప్పించేముందు ముట్టుకుని చూడండి. మెడలో స్కార్ఫు, తాడున్న టోపీ, నల్లపూసల దండ అన్నీ తీసేయండి. ఎక్కేచోట తగులుకుంటే గొంతు బిగుస్తుంది.

జవాబు 3 (విశాఖలో ఉంటున్న జయపురం మనిషి)
బరంపురంలో రామలింగం ట్యాంక్ పార్క్ మీకు తెలిసిందే. అరకులో పద్మాపురం గార్డెన్స్‌కు పొద్దున్నే వెళ్లండి, పదిన్నర దాటితే టూరిస్టు బస్సులు దిగుతాయి. విశాఖలో వుడా పార్క్ (ఇప్పుడు వీఎంఆర్‌డీఏ పార్క్ అంటున్నారు) బీచ్ రోడ్డు మీదే ఉంది, కైలాసగిరి పార్కేమో కొండ మీద ఉంది. ఇద్దరు చిన్నపిల్లలతో వుడా పార్కే సుఖం, కైలాసగిరి మీద నడక ఎక్కువ. కోరాపుట్ వైపు చలికాలం పొద్దున మంచుకు జారుడుబల్ల తడిసి ఉంటుంది, తుడవడానికి పాత తువ్వాలు పెట్టుకోండి. రాయగడ, కోరాపుట్ రెండూ మలేరియా ఉన్న జిల్లాలు, పొద్దుగూకితే నిండు చేతుల చొక్కాలు వేయండి.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్సండీ. పాప ఒక్కతే జారదు. ఒళ్లో పెట్టుకుని జారొచ్చా?

పర్లాకిమిడి
వద్దండీ. జారుడుబల్ల మీద ఆ వయసు పిల్లలకు మోకాలి కింద ఎముక విరిగేది ఎక్కువగా అలాగే. పాప చెప్పు అడుగు బల్లకో అంచుకో పట్టేస్తుంది. కాలు అక్కడే ఆగుతుంది, మీ బరువేమో కిందికి లాగేస్తుంది. ఒక్కతే జారితే కాలు పట్టినా తనూ ఆగిపోతుంది, వెనక తోసే బరువు ఉండదు. చెప్పులు విప్పి, మీ నడుము ఎత్తు దాటని చిన్న బల్ల ఎక్కించి, పక్కనే నడుస్తూ చంకల కింద పట్టుకోండి.