అప్‌డేట్: మా ఆవిడ సంస్మరణ సభ అయింది

రక్తదాతల్ని సమకూర్చే సేవలో ఏళ్ల తరబడి తిరిగిన మా ఆవిడ కన్నుమూసింది, సభలో ఏం మాట్లాడాలని అడిగాను కదా. పొగడ్తలకంటే తను చేసిన పని చెప్పమన్నారు మీలో చాలామంది. అదే మంచిదైంది.

తన నోట్‌బుక్ చదివి వినిపించాను. ఒక్కొక్కరి బ్లడ్ గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ, కింద చిన్న అక్షరాలతో "ఇంట్లో చంటిబిడ్డ, రాత్రిళ్లు ఫోన్ చేయకూడదు" లాంటివి. ప్లేట్‌లెట్లు మామూలుగా 5 నుంచి 7 రోజులే నిల్వ ఉంటాయి, అందుకే దాతల కోసం తనకంత తపన.

పరీక్షల టెన్షన్‌లోనూ అమ్మ పక్కన కూర్చుని ఆ పేర్లు రాసేదాన్నని మా అమ్మాయి చెప్పింది. నాకది తెలియనే తెలియదు! ఇకమీదట ఫోన్లు తనే చేస్తానంది. జూన్ 14, ప్రపంచ రక్తదాతల దినం నాడు శిబిరం పెడుతున్నాం. అందరికీ కృతజ్ఞతలు.