తడి తగలని పూతని ఏమనాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో పీహెచ్‌డీ చేస్తున్నాను, మూడో ఏడు. ఫిబ్రవరి 21న మాతృభాషా దినం కదా, మా డిపార్ట్‌మెంట్లో ఎవరి పరిశోధనని వాళ్లు సొంత భాషలో ఒక పోస్టరుగా రాసి గోడకి పెట్టాలన్నారు. తెలుగు వంతు నా ఒక్కదానికే పడింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను.

నా పని ఇది. ముతక పొడి ఒకటి, దానికన్నా బాగా మెత్తనిది ఇంకొకటి. నీళ్లు, జిగురు, ద్రావకం ఏమీ వెయ్యం. రెంటినీ ఒక పాత్రలో పోసి తిప్పుతాం. తిప్పగా తిప్పగా మెత్తటి రేణువులు ముతకవాటి చుట్టూ అంటుకుపోతాయి. రేణువు అడ్డుకొలత పదోవంతుకి తగ్గితే బరువు వెయ్యోవంతుకి పడిపోతుంది. పక్కదాన్ని పట్టుకునే బలం, అదే వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ, పదోవంతుకే తగ్గుతుంది. అందుకే బాగా చిన్నవి ఒకసారి కరుచుకున్నాయంటే వాటి బరువుకి అవి రాలవు.

ఇంగ్లీషులో డ్రై కోటింగ్ అంటారు. 'పొడి పూత' అని రాసుకున్నాను గానీ చదువుకుంటే నాకే నచ్చలేదు. పెద్ద రేణువు హోస్ట్, చిన్నది గెస్ట్. 'ఆతిథేయి', 'అతిథి' అని పెడితే శుభలేఖలా ఉంది. మా ల్యాబ్‌లో జపాన్ అమ్మాయి ఉంది, వాళ్ల భాషలో తల్లి రేణువు, పిల్ల రేణువు అంటారట. వినగానే కాస్త అసూయ కలిగింది. సాయం చెయ్యండి.

తెనాలి నుంచి, రిటైరైన తెలుగు మేష్టారు

అమ్మా, నీకు నచ్చకపోవడంలో న్యాయం ఉంది. 'పొడి'కి మనకి రెండర్థాలు. తడి లేనిదీ పొడే, నలిగినదీ పొడే. పొడి బట్ట వేరు, కారప్పొడి వేరు. 'పొడి పూత' అంటే తడి లేని పూతో, పొడితో వేసిన పూతో చదివేవాడికి తేలదు. నీ విషయంలో రెండూ నిజమే అనుకో, అదొక తమాషా.

ఇక 'పూత'. గంధం పూస్తాం, సున్నం పూస్తాం, మందు పూస్తాం. పూయడానికి తడి ఉండాలి, చెయ్యో కుంచో కదలాలి. 'ఒంటినిండా విభూతి పూసుకున్నాడు' అన్నా నా కంటికి తడిపిన విభూతే కనిపిస్తుంది. నీ పాత్రలో పూసేవాడెవడూ లేడు. రేణువులే ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

బాలానగర్ నుంచి

గేట్లకి, గ్రిల్స్‌కి వేస్తాం కదా మేడమ్, పౌడర్ కోటింగ్. అదేనా?

అడిగిన అమ్మాయి

కాదండీ. మీరు పొడికి కరెంటు చార్జి ఎక్కించి ఇనుము మీద చల్లుతారు, తర్వాత ఓవెన్లో పెడితే కరిగి పొరవుతుంది. నాది కరగదు, చివరిదాకా రేణువు రేణువుగానే ఉంటుంది. అయితే 'పొడి పూత' అని రాస్తే చూసిన ప్రతి తెలుగువాళ్లకీ మీ గేటే గుర్తొస్తుందన్నమాట. కొట్టేశాను.

కర్నూలు జిల్లా నుంచి, వ్యవసాయ శాఖలో పనిచేసినాయన

దీనికి కొత్త మాట ఎందుకమ్మా, రైతు నోట్లో ఉన్నదే. వేరుశనగ వేసేముందు కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ పొడి మందు పట్టిస్తాం. 'విత్తనశుద్ధి' అనేది కాగితాల మీద మాట. చేనికాడ 'ఇత్తనానికి మందు పట్టిచ్చినావా?' అనే అడుగుతారు. డ్రమ్ము ఉంటే ఇరుసు మీద తిప్పుతారు. లేకుంటే మూతున్న బిందెలో, అదీ లేకుంటే గోనెసంచిలో పోసి చెరో కొస పట్టుకుని ఊపుతారు. తీసి చూస్తే మందు అడుగున మిగలకూడదు, గింజ మీద అంతటా సన్నగా పచ్చటి పొర ఉండాలి. ఎక్కడైనా గింజ ఎర్రగా కనబడిందా, మా నాయన ఇంకో చుట్టు తిప్పమనేవాడు. అట్లని మరీ తిప్పినా కష్టమే. వేరుశనగ గింజకి పైపొట్టు లేచిపోతే సరిగా మొలవదు. ఎంతసేపు తిప్పాలో చేతికి తెలియాల.

కందిపప్పుకి ఆముదం పట్టిస్తారు, తలకి నూనె పట్టిస్తారు, విత్తనానికి పొడి పట్టిస్తారు. తడా పొడా అని 'పట్టించు'కి పట్టింపు లేదు.

అడిగిన అమ్మాయి

సార్, మీ 3 గ్రాములు చూసి కూర్చుని లెక్క కట్టాను. తల్లి రేణువు 50 మైక్రాన్లు, పిల్ల 20 నానోమీటర్ల సిలికా అనుకుందాం (మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాను, అందులో వెయ్యోవంతు నానోమీటరు). పిల్లలు ఒక్క వరసలో ఒరుసుకుని కూర్చుంటే ఒక్కో తల్లి మీద రెండు కోట్లకి పైనే పడతాయి. అన్నీ కలిపి తూస్తే, సాంద్రతలు సమానమనుకుంటే, కిలోకి దాదాపు ఒకటిన్నర గ్రాములు! మీ బిందెకీ నా యంత్రానికీ తేడా రెట్టింపే.

ఇంత కొంచెంతోనే పొడి నడత మారిపోతుంది. గరాటులో పోస్తే కదలనని మొండికేసేది ఇసుకలా జారుతుంది. పిల్లలు మధ్యలో దూరి తల్లినీ తల్లినీ నేరుగా తాకనివ్వవు. ఎడం పెరిగితే ఆకర్షణ పడిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ పిల్లలు ముందే వాటిలో అవి ఉండలు కట్టుకుని ఉంటాయి. ఆ ఉండలు చితికితేనే విడివిడిగా వెళ్లి తల్లిని పట్టుకుంటాయి. చితక్కొట్టే రోకళ్లు కూడా ఆ ముతక రేణువులే. నా థీసిస్‌లో సగం ఈ ఉండల గొడవే.

వరంగల్ నుంచి

అరిసెలకు నువ్వులు అద్దుతం. అద్దుడంటే ఒత్తుడు ఉంటది, ఒక్క దిక్కే అంటుతది. చుట్టూ అంటాల్నంటే పొర్లియ్యాలె. ముక్కలకు కారం మాత్రం పట్టియ్యాలె. గిన్నెల ముక్కలేసి, ఉప్పు కారమేసి, మూత వెట్టి ఎగరేస్తం చూడు, గదే నీ మిషను చెల్లే.

అడిగిన అమ్మాయి

అక్కా, ఆ ఊపు దగ్గరే ఇంకో మాట అడుగుతాను. పొడులు కలపడం గురించి పాత లెక్కలన్నీ తెల్ల పూసలు, నల్ల పూసలు కలిపినట్టు ఉండేవి. ఎక్కడ చెయ్యి పెడితే ఏది వస్తుందో అదృష్టం. 1975లో హెర్సీ అనే ఆయన, మెత్తనిది ముతకదాని మీద అంటుకుంటే ఆ లెక్క చెల్లదు, ప్రతి ముతక రేణువూ తన వాటా తనతోనే మోస్తుంది అని చెప్పి దానికి ఆర్డర్డ్ మిక్సింగ్ అని పేరు పెట్టాడు. మొదటిది రాండమ్. రెంటికీ తెలుగులో ఏమనాలి? 'యాదృచ్ఛిక మిశ్రమం' అని నిఘంటువులో ఉంది, నాకే నోరు తిరగలేదు.

వరంగల్ నుంచి

మొదటిది పులగం, రెండోది పులిహోర.

తెనాలి మేష్టారు

అక్కయ్యగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. పులగంలో బియ్యం బియ్యమే, పెసరపప్పు పెసరపప్పే. గరిటెకి ఏది ఎంత వస్తుందో దాని ఇష్టం. 'కలగాపులగం' అన్న మాట ఉండనే ఉంది. పులిహోరలో మెతుకు మెతుక్కీ పులుసు పట్టాలి. అక్కడ కూడా 'పట్టు'నే చూడండి. పోస్టరు మీద 'కలగలుపు', 'పట్టింపు కలుపు' అని నేనైతే రాయను, రెండోది కలుపుమొక్కలా ఉంటుంది. పులగం, పులిహోర బొమ్మలు వేసెయ్యమ్మా.

పటాన్‌చెరు వైపు నుంచి, మాత్రల తయారీలో పనిచేసేవాడిని

ఆలస్యంగా చూశాను. మేం రోజూ చేసేదే ఇది, పేరే తెలీదు. మాకు కోటింగ్ అంటే తయారైన మాత్ర మీద రంగు పొర స్ప్రే చెయ్యడం. మీరు చెప్పేదాన్ని లూబ్రికేషన్ అంటాం. గుళికలన్నీ బ్లెండర్లో కలిశాక చిట్టచివర మెగ్నీషియం స్టియరేట్ వేసి మూడు నాలుగు నిమిషాలు తిప్పుతాం, మాత్ర అచ్చుకి అంటుకోకుండా.

నేను చేరిన కొత్తల్లో, పాత కంపెనీలో, షిఫ్టు మారే వేళ టైమరు పెట్టానని నేననుకున్నాను, వచ్చినాయన పెట్టాడనుకున్నాడు. అరగంట తిరిగింది. చూస్తే పొడి ఎప్పటికన్నా అందంగా ఉంది, పట్టులా జారుతోంది. మాత్ర కొట్టాక బొటనవేలితో నొక్కితే పుటుక్కున విరిగింది. నీళ్లలో వేస్తే కరగడం లేదు. స్టియరేట్ మైనం లాంటిది కదా, ప్రతి గుళిక చుట్టూ కమ్మేసి ఒకదాన్నొకటి కరుచుకోనివ్వలేదు, నీళ్లనీ రానివ్వలేదు. బ్యాచ్ మొత్తం పోయింది. మా సీనియర్ తిట్టలేదు. ఆ విరిగిన ముక్క చూసి 'పట్టాల్సినదానికన్నా ఎక్కువ పట్టింది రా' అన్నాడంతే. కాబట్టి నా ఓటు కర్నూలు సార్‌కే.

తెనాలి మేష్టారు

క్రియకి 'పట్టించు' ఖాయం. నామం మిగిలింది. రాత్రి పడుకుంటే తట్టింది: నివురు. నిప్పుకణిక మీద పలచగా కమ్మే బూడిద. 'నివురు గప్పిన నిప్పు' తెలియనివాళ్లు లేరు. ముతకదాని మీద మెత్తటి పొరకి ఇంతకన్నా అచ్చమైన తెలుగు మాట ఏముంది?

కర్నూలు నుంచి

మాట బాగుంది మేష్టారూ, కానీ నివురు ఎవరూ పట్టించేది కాదు, దానంతటదే కమ్ముతుంది. పైగా 'ఉఫ్' అంటే ఎగిరిపోతుంది. నా మందు అట్లా ఎగిరిపోతే మొలకకి కుళ్లు తెగులు రాదా?

అడిగిన అమ్మాయి

సార్! ఉఫ్ అంటే ఎగిరిపోవాలి!

ఉబ్బసానికి పీల్చే పొడి మందులు ఉంటాయి కదా, క్యాప్సూల్ పెట్టి గాలి లాగేవి. ఊపిరితిత్తుల దాకా చేరాలంటే మందు రేణువు 1 నుంచి 5 మైక్రాన్లలో ఉండాలి. అంత మెత్తనిది ఒంటరిగా జారదు, క్యాప్సూల్లో సరిగ్గా నింపలేం. సాల్బుటమాల్ క్యాప్సూల్లో మందు 200 మైక్రోగ్రాములే. అందుకని ముతక లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, దాని మీద ఎక్కించి పంపుతారు. రోగి గాలి లాగగానే మందు లాక్టోజ్‌ని వదిలేసి లోపలికి పోవాలి. లాక్టోజ్ గొంతులో తగిలి కడుపులోకి పోతుంది. డబ్బాలో ఉన్నన్నాళ్లూ రాలకూడదు, ఊపిరి తగలగానే ఆగకూడదు. అది అచ్చం నివురే.

నా థీసిస్‌లో రెండో అధ్యాయం, నాలుగో అధ్యాయం ఎందుకు వేరువేరో మా గైడుకి ఇంగ్లీషులో చెప్పలేక తంటాలు పడ్డాను. రెంటికీ కోటింగ్ అనే రాశాను. ఒకటి పట్టింది, ఒకటి నివురు. కొన్ని మందుల్లో ముందు లాక్టోజ్‌కి స్టియరేట్ పట్టిస్తారు, దాని మీద మందు నివురులా కూర్చుంటుంది. కింది పొర గట్టిగా పడితేనే పైది సులువుగా వదులుతుంది.

పటాన్‌చెరు నుంచి

మా స్టియరేట్ పట్టు వదలని విక్రమార్కుడు మేడమ్, దాని సంగతి నాకు తెలుసు.

వరంగల్ నుంచి

తల్లి రేణువు, పిల్ల రేణువు అంటివి. పిల్ల తల్లిని ఇడిసి పోవాల్నా? జపాన్ మాట ఒద్దు తియ్.

అడిగిన అమ్మాయి

తీసేశాను అక్కా. 'మోసేది', 'ఎక్కేది' అని పెట్టాను. శీర్షిక 'పట్టించడం, వదిలించడం'. కింద మేష్టారి నివురు, దాని పక్కన కుంపటి బొమ్మ. కర్నూలు సార్ గోనెసంచి బొమ్మ కూడా వేశాను, రెండు కొసలు ఇద్దరు పట్టుకున్నట్టు. గైడు అదేమిటని అడిగారు, మా మిక్సర్ అని చెప్పాను.

బాలానగర్ నుంచి

మరి మా గేటుదాన్ని ఏమనాలి సార్?

తెనాలి మేష్టారు

ఓవెన్లో కరిగిందన్నారు కదా బాబూ. దాన్ని పూత అనే అనండి.