యాకోబు అసలు వారసుడెవరు: యూదానా, యోసేపా?

కృష్ణాతీరం
అందరికీ వందనాలు. పోయిన ఆదివారం సండే స్కూల్లో పిల్లలచేత యాకోబు పన్నెండుమంది కొడుకుల చార్టు గీయించాను. యేసు ఏ గోత్రమో తెలియాలని యూదా పేరు చుట్టూ ఎర్ర స్కెచ్‌తో సున్నా చుట్టాం. ఐదో తరగతి పిల్ల లేచి, "అంకుల్, కథంతా యోసేపుదైతే సున్నా యూదాకెందుకు?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి తిరగేశాను. ఆదికాండం 37 నుంచి 50 దాకా నడిచేది యోసేపు కథే. యూదాకి విడిగా దక్కింది 38వ అధ్యాయం ఒక్కటే, అదీ పిల్లల ముందు చదవలేం. 1 దినవృత్తాంతములు 5 మొదట్లో అసలు తిరకాసుంది. రూబేను తండ్రి పడకను అపవిత్రం చేశాడు కనక జన్మస్వాతంత్ర్యం (పెద్దకొడుకు హక్కు) యోసేపు కొడుకులకు పోయిందట, ఏలేవాడు మాత్రం యూదాలోంచి వచ్చాడట. అంటే ఆస్తి ఒకరికి, పెత్తనం ఇంకొకరికి. నా ఓటు యోసేపుకే. ఇక కొట్టండి.

నాలుగోవాడు
కొట్టడానికేముంది బ్రదర్, ఆదికాండం 49:10 చదవండి చాలు. షిలోహు (అంటే మెస్సీయ అని మనవాళ్ల అర్థం) వచ్చేవరకు రాజదండం యూదాను వదలదని యాకోబే అన్నాడు. వరస కూడా చూడండి. పెద్దవాడు రూబేను తండ్రి ఉపపత్ని బిల్హా దగ్గర పోగొట్టుకున్నాడు. షిమ్యోను, లేవి షెకెములో కత్తులు దూసి పోగొట్టుకున్నారు. తర్వాతివాడు యూదా. పైగా 78వ కీర్తన మొహమాటం లేకుండా చెప్తుంది: దేవుడు యోసేపు గుడారాన్ని కాదన్నాడు, ఎఫ్రాయిమును కోరుకోలేదు, యూదా గోత్రాన్ని కోరుకున్నాడు. ఇంకా ఓటింగేమిటి?

కృష్ణాతీరం
వరసే లెక్కయితే జన్మస్వాతంత్ర్యం కూడా యూదాకే రావాలిగా గురువుగారూ? అది అతన్ని దాటుకుని రాహేలు కొడుకు యోసేపుకి ఎందుకెళ్లింది? మా తాతల కాలంలో పెద్దకొడుక్కి జ్యేష్ఠభాగమని ఓ అరెకరం ఎక్కువ రాసేవాళ్లు. అక్కడా అంతే, పెద్దవాడికి రెండు పాళ్లు. 48లో యాకోబు ఎఫ్రాయిమునూ మనష్షేనూ తన కొడుకుల్లో కలిపేసుకున్నాడు. మనవలిద్దరికీ చెరో గోత్రం, అంటే యోసేపుకి రెండు పాళ్లు వచ్చేసినట్టే. అదే అధ్యాయం చివర అన్నదమ్ములకంటే నీకొక భాగం ఎక్కువ ఇస్తున్నానంటాడు. ఆ 'భాగం' అన్నచోట హీబ్రూలో ఉన్న మాట 'షెకెం'. ఊరి పేరూ అదే. యోసేపు ఎముకల్ని ఐగుప్తు నుంచి మోసుకొచ్చి పాతిపెట్టింది కూడా ఆ షెకెములోనే (యెహోషువ 24). ఇంత గట్టి దస్తావేజు యూదాకి చూపించండి.

తామారు తరఫున
అన్నయ్యలూ, పిల్లల ముందు చదవలేమని పక్కన పెట్టిన ఆ 38లోనే ఉంది దస్తావేజు. తామారు మొగుడు, యూదా పెద్దకొడుకు ఏరు పోయాడు, తర్వాత ఆమెను చేసుకున్న రెండోవాడు ఓనాను పోయాడు, మూడోవాడు షేలాను ఇస్తానని ఇవ్వకుండా యూదా కోడల్ని పుట్టింటికి పంపేశాడు. వంశం అక్కడితో ఆగిపోయేదే. ఆమె ముసుగేసుకుని దారిలో కూర్చుని అతని ముద్ర, దాని దారం, చేతికర్ర తాకట్టుగా తీసుకుంది. మూడు నెలలకి గర్భమని తెలిసి కాల్చెయ్యమన్నాడు ఈ పెద్దమనిషి. ఆమె నోరు చేసుకోలేదు. ఆ మూడు వస్తువులూ పంపి, ఇవెవరివో గుర్తుపట్టమంది. 37లో ఇదే యూదా, అన్నదమ్ములు కలిసి రక్తంలో ముంచిన యోసేపు అంగీని తండ్రికి పంపి గుర్తుపట్టమన్నారు. మాట అదే, ఈసారి తిరిగి అతనికే వచ్చింది. "నాకంటే ఆమె నీతిమంతురాలు" అని ఒప్పుకున్నాడు.

ఆ మాట తర్వాతి యూదా వేరే మనిషి. 44లో బెన్యామీనుకు బదులు నన్ను బానిసగా ఉంచుకోమని ముందుకొచ్చింది అతనే. దండం దక్కింది ఆ మనిషికి. మత్తయి యేసు వంశావళిలో ఊరికే తామారు పేరు రాశాడా?

సందేహి
నేను విశ్వాసిని కాను, చరిత్ర మీద ఇష్టంతో చదువుతాను. ఇక్కడ 'యూదా', 'యోసేపు' అంటే ఇద్దరన్నదమ్ములే కాదు, రెండు రాజ్యాలు. సొలొమోను తర్వాత, సుమారు క్రీ.పూ. 930లో, ఉత్తర రాజ్యం (యోసేపు పక్షం) విడిపోయింది. దాన్ని చీల్చిన యరొబాము ఎఫ్రాయిమీయుడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరువాళ్లు ఉత్తర రాజధాని షోమ్రోనును పడగొట్టారు. దక్షిణాన యూదా ఇంకో నూట ముప్పై ఏళ్లకు పైగా నిలిచింది. నిలిచినవాళ్ల చేతిలో గ్రంథాలు తుదిరూపం దిద్దుకున్నాయి. 78వ కీర్తన గెలిచిన పక్షం పాటలా వినిపిస్తే ఆశ్చర్యమేముంది?

కృష్ణాతీరం
సందేహి గారూ, గెలిచినవాళ్లే రాసుకుంటే యోసేపు దీవెనను ఎందుకు మిగిల్చారు? 49లో యూదాకి ఐదు వచనాలు (8 నుంచి 12), యోసేపుకీ ఐదే (22 నుంచి 26). యిర్మీయా 31లో దేవుడే "ఎఫ్రాయిము నా జ్యేష్ఠ కుమారుడు" అంటాడు. యిర్మీయా దక్షిణాదివాడు!

సందేహి
అది మంచి దెబ్బే. ఉత్తరం పడ్డాక అక్కడివాళ్లు తమ పాటల్నీ కథల్నీ పట్టుకుని యెరూషలేముకు వలస వచ్చారని చాలామంది పండితుల ఊహ. కథ బతికింది, రాజ్యం పోయింది.

చేబ్రోలు మనవడు
రాజ్యం పోయినా హక్కు వదులుకోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారండీ. నాబ్లస్ పక్కన గెరిజీము కొండ మీద, టెల్ అవీవ్ దగ్గర హోలోనులో ఉన్న సమరయులు ఎఫ్రాయిము, మనష్షే సంతతి మేమే అంటారు. వెయ్యిమంది కూడా లేరు.

అంతదూరం ఎందుకు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు మేం ఎఫ్రాయిము గోత్రమని చెప్పుకుంటూ సబ్బాతు (విశ్రాంతి దినం) పాటిస్తున్నాయి. వాళ్ల ప్రార్థనా మందిరం 1990ల తొలినాళ్లది. మణిపూర్, మిజోరంలలోని బ్నే మెనాషేలది మనష్షే వంశమంటారు. వాళ్లను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ గుర్తించారు, మనవాళ్లకు ఆ గుర్తింపు రాలేదు. నిజమా కాదా నేను తేల్చలేను. కానీ యూదా గోత్రమని ఎవరూ అనకుండా అందరూ యోసేపు కొడుకుల దగ్గరే చేరడం చూశారా? ఉత్తర రాజ్యంతో పాటు తప్పిపోయిన గోత్రాల్లో చోటుంది మరి.

మదీనాబాట
మా వైపు నుంచి చిన్నమాట. ఖురాన్‌లో 12వ సూరా పేరే యూసుఫ్, 111 ఆయతులు (వచనాలు). అందులో అన్నల పేర్లే రావు, మీరంటున్న యూదా కూడా. దండం ఎవరిదన్న గొడవ మాకక్కడ లేదు.

నాలుగోవాడు
సరే, చివరిగా ఒకటి. ప్రకటన 5లో యేసు "యూదా గోత్రపు సింహము". అయినా మన చర్చిల్లో యోసేపులు బెంచీకి ఇద్దరు, యూదా అని కొడుక్కి పేరు పెట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా పుణ్యం!

తామారు తరఫున
యోసేపన్నయ్యకి కూడా ఒక ముక్క పారేస్తాను. మత్తయి 1:16లో మరియ భర్త ఎవరు? యాకోబు కొడుకు యోసేపు. పాత యోసేపులాగే కలలు కంటాడు, ఐగుప్తుకు వెళ్తాడు. యూదా వంశం చివర్లో మళ్లీ యోసేపే వచ్చి కూర్చున్నాడు. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తల్మూదులో కూడా దావీదు కుమారుడైన మెస్సీయతో పాటు, ముందు చంపబడే 'యోసేపు కుమారుడైన మెస్సీయ' ప్రస్తావన ఉంది.

కృష్ణాతీరం
ఈ ముక్క ముందే వేసుంటే నేను థ్రెడ్డే పెట్టేవాణ్ణి కాదమ్మా. చార్టు మార్చాను. యూదా చుట్టూ సున్నా అలాగే ఉంచి, యోసేపు పేరు కింద ఎఫ్రాయిము, మనష్షే అని రెండు కొమ్మలు గీశాను. ఇప్పుడు గోత్రాలు పదమూడయ్యాయి. ఆ పిల్ల లెక్కపెడుతుంది, నాకు తెలుసు. ప్రకటన 7లో పన్నెండు దొరుకుతాయి కదా అని చూస్తే అక్కడ యోసేపు ఉన్నాడు, మనష్షే ఉన్నాడు, ఎఫ్రాయిము పేరు లేదు, దాను అసలే లేడు. ఆదివారంలోపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.