నైట్‌ని (knight, పాతకాలపు యూరప్‌లో గుర్రమెక్కి పోరాడే, హోదా గల యోధుడు) తెలుగులో ఏమనాలి? రౌతా, బంటా?

పోస్టు:
పిల్లల చరిత్ర పాఠం ఒకటి తెలుగు చేస్తున్నాను. 1356లో ఫ్రాన్స్‌లోని పువాతియే దగ్గర జరిగిన యుద్ధం గురించి. ఇంగ్లండ్ యువరాజు ఎడ్వర్డుకి ఫ్రాన్స్ రాజు జాన్ బందీగా చిక్కాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎడ్వర్డు తాను కూర్చోకుండా నిలబడి, బందీ రాజుకి స్వయంగా వడ్డించాడని ఆ కాలపు చరిత్రకారుడు ఫ్రువాసార్ రాశాడు. పాఠంలో దీన్ని షివల్రీ (నైట్‌లు పాటించాల్సిన నడవడి) అన్నారు. నా దగ్గరున్న నిఘంటువేమో 'శౌర్యం' అంటోంది. వడ్డించడంలో శౌర్యం ఏముందండీ? నైట్‌కి 'వీరుడు' అని రాసి కొట్టేశాను, 'యోధుడు' అని రాసి అదీ కొట్టేశాను.

జవాబు:
రౌతు ఉన్నాడు కదండీ! 'రౌతు కొద్దీ గుర్రం' అని సామెతే ఉంది. షివల్రీకి మూలం ఫ్రెంచిలో గుర్రం, షెవాల్. జర్మన్ల 'రిట్టర్' అన్నా స్వారీ చేసేవాడనే.

జవాబు:
అది ఫ్రెంచి, జర్మన్ల సంగతి. ఇంగ్లీషు 'నైట్' అనే మాటకి గుర్రంతో సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో దానర్థం కుర్రాడు, కొలువు చేసేవాడు. అచ్చంగా మన 'బంటు'. సేవకుడూ వాడే, సైనికుడూ వాడే, శూరుడూ వాడే. త్యాగరాజు రాముణ్ణి 'బంటురీతి కొలువు' అడుగుతూ కంచుకం, ముద్రబిళ్ళ, ఖడ్గం అన్నీ లెక్క చెప్పాడు. నైట్‌కి ఉండేవీ అవేగా, కవచం, చిహ్నం, కత్తి!

జవాబు:
బాగుంది గానీ మాస్టారూ, చదరంగం ఆడే పిల్లాడికి బంటు అంటే ముందు వరసలో పోయేవాడే. నైట్ మనకి గుర్రం. రౌతు ఎక్కడ దిగిపోయాడో మరి!

జవాబు:
'క్షత్రియుడు' అని మాత్రం రాయకండి. నైట్ హోదా ఒకరు ఇవ్వాలి, రాజు కొడుక్కైనా పుట్టుకతో రాదు. ఈ ఎడ్వర్డుని కూడా 16 ఏళ్ళప్పుడు, 1346లో నార్మండీలో దిగగానే తండ్రే నైట్‌ని చేశాడు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి 'సర్' వచ్చిందంటామే, అదీ నైట్ హోదానే.

ఇక షివల్రీకి నా ఓటు 'మర్యాద'కి. ఈ మాటకి మొదటి అర్థం హద్దు. రాముణ్ణి మర్యాదా పురుషోత్తముడు అనేది అందుకే. పెళ్ళివారికి చేసేదీ మర్యాదే. కట్టుబాటూ, వడ్డనా రెండూ ఒక్క మాటలో ఉన్నాయి.

జవాబు:
వడ్డించినవాళ్ళు ఊరికే వదల్లేదు లెండి. 1360 సంధిలో విడుదలకి 30 లక్షల బంగారు నాణేలు అడిగారు.

పోస్టు పెట్టినవారు:
అవునండీ, పాఠంలో అదీ ఉంది. పూచీగా ఉంచిన కొడుకు పారిపోతే, జాన్ 1364లో తనంతట తానే లండన్ బందీఖానాకి తిరిగి వెళ్ళి అక్కడే పోయాడు. అక్కడ కూడా షివల్రీ అనే రాశారు. శౌర్యం అంటే అక్కడా నప్పదు, మర్యాద అంటే రెండుచోట్లా కుదురుతోంది. 'రౌతు మర్యాద' అని రాసేస్తున్నాను. బంటుని వదులుకోవాలంటే మనసొప్పడం లేదు గానీ, పిల్లలు చదరంగం బల్ల తెచ్చి చూపిస్తారు.