వాషింగ్టన్ హార్డ్‌కోర్ పంక్ రోజులు చూసినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. వాషింగ్టన్ డీసీ హార్డ్‌కోర్ పంక్ (చాలా వేగంగా, గట్టిగా వాయించే రాక్ సంగీతం) చరిత్ర మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాను, మీ సాయం కావాలి. బ్యాడ్ బ్రెయిన్స్ అనే నల్లజాతి కుర్రాళ్ల బ్యాండ్ ఆ ఊరి పిల్లలకి మెరుపు వేగంతో వాయించడం ఎలా ఉంటుందో చూపించింది. ఆ తర్వాత టీన్ ఐడిల్స్ కుర్రాళ్లు బ్యాండ్ విడిపోయాక కూడా, షోలు చేసి దాచుకున్న డబ్బుతో తమ రికార్డు తామే వేసుకున్నారు, 1980లో డిస్కార్డ్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ అలా పుట్టింది. నాకు అన్నిటికన్నా నచ్చింది చేతి మీద ఎక్స్ గుర్తు కథ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక క్లబ్ వాళ్లు మైనర్లకి మందు అమ్మకుండా ఉండటానికి వేసిన గుర్తు అది, టీన్ ఐడిల్స్ వాళ్లు దాన్ని డీసీకి తెచ్చారు, మందు ముట్టని స్ట్రెయిట్ ఎడ్జ్ పిల్లలకి తర్వాత అదే జెండా అయింది!

ఎఫ్ స్ట్రీట్‌లో ఉన్న పాత 9:30 క్లబ్‌లో 80లలో షో చూసిన తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా? లోపల ఎలా ఉండేదో రెండు ముక్కలు రాసినా చాలు. అలాగే అక్కడి మార్టిన్ లూథర్ కింగ్ లైబ్రరీలో పంక్ ఆర్కైవ్ చూసినవాళ్లు, ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలా, పాత కరపత్రాలు ఫోటో తీయనిస్తారా చెప్పండి. వచ్చే నెల వెళ్తున్నాను, చేతిలో ఉన్నది మూడు రోజులే.