బోరిస్ వియాన్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. ఈమధ్య క్లాసులో ఫ్రెంచ్ రచయిత బోరిస్ వియాన్ రాసిన 'ల దెజెర్తర్' (ఇంగ్లిష్‌లో 'డిజర్టర్') పాట విన్నాను. యుద్ధానికి వెళ్లనని ఒక మామూలు మనిషి దేశాధ్యక్షుడికి రాసే ఉత్తరం అది. 1954లో, ఇండోచైనాలో (ఇప్పటి వియత్నాం ప్రాంతం) జరిగిన యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిపోతున్న రోజుల్లో వచ్చింది. రేడియోలో నిషేధించారట. అప్పటినుంచి ఆయన్ని వదలలేకపోతున్నాను.

వియాన్ చదివింది ఇంజనీరింగ్. ట్రంపెట్ వాయించారు, జాజ్ మీద పత్రికల్లో ఏళ్ల తరబడి రాశారు, పాడారు, నవలలు రాశారు. వెర్నన్ సల్లివన్ అనే అమెరికన్ రచయితకు అనువాదమని చెప్పి తన సొంత నవలే వేస్తే, దానిమీద కోర్టు కేసు నడిచింది. 39 ఏళ్లకే, 1959లో పోయారు. ఆ కొద్ది కాలంలో ఇంత పనా!

నా సందేహం ఇది. 1947 నాటి 'లెక్యూమ్ దే జూర్' నవల తెరిస్తే, ఆయన సొంతంగా పుట్టించిన మాటలే ఎక్కువ, డిక్షనరీలో దొరకవు. ముందు జాజ్ వ్యాసాలు చదివితే ఆ శైలి అలవాటవుతుందా? చదివినవాళ్లు చెప్పండి.

ఇంకొకటి. మా నాన్నగారు ఆర్మీలో చేసి రిటైరయ్యారు. ఆయనకు ఈ పాట తెలుగులో వినిపించాలని ఉంది. 'దెజెర్తర్'కి 'పారిపోయినవాడు' అంటే పిరికివాడన్నట్టు ఉంటుంది, పాటలో మనిషి అలాంటివాడు కాదు. సరైన మాట ఏముంది?