శాంప్లర్ అప్‌గ్రేడ్: కాంటాక్ట్ 6 చాలదా, 8 కొనాల్సిందేనా?

రాత్రిమిక్స్:
అందరికీ నమస్కారం. నేను షార్ట్ ఫిల్ములకి బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేస్తుంటాను. రికార్డు చేసిన వాయిద్యాల శబ్దాల్ని కీబోర్డు మీద వాయించుకునే శాంప్లర్ సాఫ్ట్‌వేర్ కాంటాక్ట్, దాని 6 ఫుల్ వెర్షన్ నా దగ్గర ఉంది, ఇన్నాళ్లూ దానితో ఏ ఇబ్బందీ రాలేదు. ఈమధ్య ఒక స్ట్రింగ్స్ లైబ్రరీ (వయొలిన్ లాంటి తీగవాద్యాల శబ్దాల సెట్) మీద మనసు పడింది. తీరా చూస్తే దాని వివరాల్లో అడుగున చిన్న అక్షరాల్లో "కాంటాక్ట్ 7 లేదా ఆపై వెర్షన్ ఉండాలి" అని రాసుంది. ఇప్పుడు అమ్మకంలో ఉన్నదేమో 8. అంటే లైబ్రరీ ఖర్చు ఒకటి, దాన్ని తెరవడానికి అప్‌గ్రేడ్ ఖర్చు ఇంకొకటి. ఒక్క లైబ్రరీ కోసం శాంప్లర్ మార్చడం దండగేమో అనిపిస్తోంది, మార్చకపోతే వెనకబడిపోతానేమోనని టెన్షన్‌గానూ ఉంది. పైగా సగంలో ఉన్న ప్రాజెక్టులున్నాయి. వాటికి ఏమీ కాకూడదు. మీరైతే ఏం చేస్తారు?

వేవ్‌టేబుల్:
ఆలోచించకుండా మారిపోండి. 6 వచ్చింది 2018లో. 2022లో 7, 2024లో 8 వచ్చేశాయి. 7తోనే బ్రౌజర్ పూర్తిగా మారింది, ఫ్యాక్టరీ లైబ్రరీ కొత్తది ఇచ్చారు. 8లో కలిపి వాయించే స్వరాల గుంపుల కోసం కార్డ్స్, చిన్న బాణీ ముక్కల కోసం ఫ్రేజెస్ అని టూల్స్ ఉన్నాయి, లూపులతో ఆడుకోవడానికి లీప్ ఉంది, రికార్డు చేసిన శాంపిల్‌నీ కంప్యూటర్ తయారుచేసే వేవ్‌టేబుల్ శబ్దాన్నీ కలిపి పలికించే కాన్‌ఫ్లక్స్ ఉంది. డెడ్‌లైన్ నెత్తిమీద కూర్చున్నప్పుడు ఒక ఐడియా కాస్త ముందు తగిలినా అది లాభమే. లైబ్రరీలు తయారుచేసేవాళ్లు ఎటు వెళ్తే మనమూ అటే వెళ్లాలి. ఇవాళ ఒక్కటి 7 అడుగుతోంది, రేపు వచ్చేవన్నీ అడుగుతాయి.

పాతప్లగిన్:
కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టుంది. స్కోర్ చేసే మనిషికి కార్డులు వేసిపెట్టే టూల్ ఎందుకండీ? ఆయన కార్డులు ఆయనకి రావా?

అసలు సంగతి చెప్తాను. అప్‌గ్రేడ్ చేస్తే సౌండ్ బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. శాంప్లర్‌లో మనకి వినిపించేది ఎవరో స్టూడియోలో మైకులు పెట్టి రికార్డు చేసిన ఆడియో. 6లో తెరిచినా అదే, 8లో తెరిచినా అదే. నమ్మకం కుదరకపోతే రాత్రిమిక్స్ గారూ, మీరే పరీక్షించుకోండి. కాంటాక్ట్‌కి ప్లేయర్ అని ఒక ఉచిత వెర్షన్ ఉంది కాబట్టి 8 ప్లేయర్ దించుకుని, రెండిట్లోనూ తెరుచుకునే ఒక ప్యాచ్‌తో (లైబ్రరీలోని ఒక వాయిద్యం ఫైల్) ఒకే మిడి క్లిప్‌ని, అంటే ఏ నోటు ఎప్పుడు మోగాలో రాసిన డేటాని, ఆడియోగా రెండర్ చేయండి. ఒక ఫైల్ ఫేజ్ తిప్పి రెండూ కలిపి ప్లే చేయండి, రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని నిశ్శబ్దమే వస్తుంది. ఏం మిగిలితే అదే మీరు కొనబోయే "సౌండ్".

సున్నాలేటెన్సీ:
పరీక్ష మంచిదే గానీ ఒక షరతు ఉంది. రౌండ్ రాబిన్ (ఒకే నోటుకి ప్రతిసారీ వేరే రికార్డింగ్ మోగడం), ర్యాండమ్ మాడ్యులేషన్, కోరస్ లాంటి, ప్రతిసారీ కాస్త మారేవి ఉన్న ప్యాచ్ పెడితే ఒకే వెర్షన్‌లో రెండుసార్లు రెండర్ చేసినా రద్దు కాదు. అవన్నీ ఆపి చేయాలి. లేకపోతే తేడా ఉందని పొరపడతారు.

నన్నడిగితే సౌండ్ గొడవ పక్కన పెట్టండి. చాలామంది అప్‌గ్రేడ్ వైపు చూసేది "లోడ్ అవ్వడం లేట్ అవుతోంది, ర్యామ్ చాలట్లేదు" అని. దానికీ వెర్షన్‌కీ ఉన్న సంబంధం తక్కువ. ఒక పియానో లెక్క వేద్దాం. 88 కీలు, ఒక్కోదానికి 8 వెలాసిటీ లేయర్లు (మెల్లగా నుంచి గట్టిగా నొక్కేదాకా వేర్వేరు రికార్డింగులు), అంటే 704 శాంపిల్స్. ఒక్కోటి సగటున 10 సెకన్లు అనుకుందాం. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, స్టీరియో అయితే సెకనుకి 2,88,000 బైట్లు. మొత్తం సుమారు 2 జీబీ. మూడు మైక్ పొజిషన్లు ఆన్ చేస్తే 6 జీబీ. ఇదంతా ర్యామ్‌లోకి ఎక్కించడం లేదు కదా. ఒక్కో శాంపిల్ మొదటి ముక్క మాత్రం ర్యామ్‌లో ఉంటుంది, మీరు కీ నొక్కగానే అది మోగుతూ ఉండగా మిగతాది డిస్క్ నుంచి వస్తుంది. ఆ మొదటి ముక్క 60 కేబీ చొప్పున వేసుకుంటే 704 శాంపిల్స్‌కి 42 ఎంబీ చాలు. 1998లో గిగాశాంప్లర్ తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ అందరూ నడుస్తున్నది ఆ దారిలోనే.

కాబట్టి మీ లైబ్రరీలు తిరిగే హార్డ్ డిస్క్ మీద ఉంటే ముందు ఎస్ఎస్‌డీ మీదకి మార్చండి. తర్వాత ప్రీలోడ్ బఫర్, అంటే ర్యామ్‌లో ఉంచే ఆ మొదటి ముక్క సైజు, తగ్గించండి. వాడని ఆర్టిక్యులేషన్లు (వాయించే తీరులు) పర్జ్ చేయండి, అంటే ర్యామ్ నుంచి దించేయండి. ఇవన్నీ 6లోనే ఉన్నాయి. యాపిల్ సిలికాన్ (యాపిల్ సొంత చిప్) మ్యాక్ అయితే మాత్రం 6.7కి తక్కువ ఉండకండి, నేటివ్ సపోర్ట్ అక్కడి నుంచే. అదీ ఉచిత అప్‌డేటే.

రాత్రిమిక్స్:
ఈ లెక్క ఎవరూ ఇంత విడమరిచి చెప్పలేదు, థాంక్స్. నా లైబ్రరీలు సగం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మీదే ఉన్నాయి, ముందు అది చూస్తాను. కానీ నా చిక్కు స్పీడ్ కాదు కదా. ఆ లైబ్రరీ 6లో తెరుచుకోదు.

తంత్రి:
అందరూ 6 గొప్పా 8 గొప్పా అని వాదించుకుంటున్నారు. రాత్రిమిక్స్ గారి ప్రశ్నకి జవాబు ఆ లైబ్రరీ పేజీలో ఇంకో లైన్‌లో ఉంటుంది. అది ప్లేయర్ లైబ్రరీయా, కాదా?

ప్లేయర్ కోసం లైసెన్స్ తీసుకుని చేసిన లైబ్రరీ అయితే అది ఉచిత ప్లేయర్‌లో పూర్తిగా పనిచేస్తుంది. సీరియల్ నంబర్ ఇచ్చి యాక్టివేట్ చేసుకుంటారు, బ్రౌజర్‌లో సొంత బొమ్మతో కనిపిస్తుంది. అలాంటప్పుడు మీరు అప్‌గ్రేడ్‌కి పైసా పెట్టక్కర్లేదు. 6 ఫుల్ వెర్షన్ మీ దగ్గర ఉంటుంది, పక్కన 8 ప్లేయర్ ఉంటుంది, రెండూ వేర్వేరు ప్లగిన్లుగా ఒకే ప్రాజెక్టులో తెరుచుకోవచ్చు. ప్లేయర్ లైబ్రరీ కాకపోతే ఉచిత ప్లేయర్‌లో 15 నిమిషాల డెమో తర్వాత ఆగిపోతుంది. అప్పుడే ఫుల్ వెర్షన్ ప్రశ్న వస్తుంది.

ఆ లైబ్రరీ 7 ఎందుకు అడుగుతోందో కూడా చూడండి. కొన్నిటికి నిజంగానే అవసరం. లైబ్రరీ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్, అదే స్క్రిప్ట్‌లో, కొత్త వెర్షన్ ఫంక్షన్లు వాడి ఉంటారు. కొన్నిటికి కారణం ఒక్కటే, తయారుచేసినాయన 7లో సేవ్ నొక్కాడు. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఎన్‌కేఐ (కాంటాక్ట్ వాయిద్యం) ఫైల్ పాతదాంట్లో తెరుచుకోదు, దారి ఒకవైపే. రెండో రకమైతే మెయిల్ పెట్టి అడిగితే పాత వెర్షన్‌లో సేవ్ చేసిన కాపీ ఇచ్చే చిన్న తయారీదారులున్నారు. అడగడానికి మొహమాటం ఎందుకు?

వేవ్‌టేబుల్:
తంత్రి గారి మాట బాగుంది, కానీ అది ఈ ఒక్క లైబ్రరీకే పనికొచ్చే సలహా. పాత వెర్షన్ పట్టుకుని వేలాడితే ఒకరోజు కింద నేల ఉండదు. 2019లో మ్యాక్ ఓఎస్ కాటలినా వచ్చింది, 32 బిట్ ప్లగిన్లన్నీ ఒక్క దెబ్బకి పోయాయి. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్లు తెరుచుకునే పాత ఫార్మాట్ వీఎస్‌టీ 2 సంగతి చూడండి. దాన్ని తయారుచేసిన స్టైన్‌బర్గ్ 2018లో దాని ఎస్‌డీకే (ప్లగిన్లు తయారుచేసే కిట్) ఇవ్వడం మానేసింది, 2022లో తమ సాఫ్ట్‌వేర్లలో రెండేళ్లలో సపోర్ట్ తీసేస్తామంది. కాంటాక్ట్ కూడా 7 నుంచి వీఎస్‌టీ 2 ఇవ్వడం లేదు. 6ని వీఎస్‌టీ 2గా వాడుతున్నవాళ్లు కంప్యూటర్ మార్చిన రోజు చూసుకుందాం అంటారా? అది డెలివరీ ముందు రోజే అవుతుంది, రాసిపెట్టుకోండి.

పాతప్లగిన్:
మీరు చెప్పిన ఉదాహరణలే నా పక్షం! కాటలినా దెబ్బ ఎవరికి తగిలింది? పని మధ్యలో ఓఎస్ అప్‌డేట్ నొక్కినవాళ్లకి. నొక్కనివాళ్ల మెషిన్లు మర్నాడు కూడా నడిచాయి. పనికి వాడే కంప్యూటర్‌ని ఫోన్ లాగా అప్‌డేట్ చేస్తూ పోతే శాంప్లర్ ఏం చేస్తుంది పాపం.

బీట్‌బాబాయ్:
మీ ఇద్దరూ ఒక కంపెనీ చేతిలోనే ఉన్నారు. ఒకరు దాని కొత్త గదిలో, ఒకరు పాత గదిలో.

గిగాశాంప్లర్ తర్వాతి రూపం గిగాస్టూడియో గుర్తున్నవాళ్లు ఎంతమంది? ఒకప్పుడు స్కోరింగ్ స్టూడియోల్లో దానికోసమే విడిగా కంప్యూటర్లు పెట్టుకునేవారు. తర్వాత టాస్కామ్ కంపెనీ చేతికి వెళ్లింది, 2008లో ఆపేశారు. అప్పటికి జనం దానికోసం కొన్న లైబ్రరీలు అల్మారాల నిండా ఉన్నాయి. గిగ్ ఫార్మాట్‌ని వేరే శాంప్లర్లు చదివేవి కాబట్టి కొంత బయటపడ్డారు, అయినా వాయించే తీరు మార్చే స్విచింగ్, నోటు వదిలాక మోగే రిలీజ్ సెట్టింగులు తిన్నగా రాకపోతే కూర్చుని సరిచేసుకోవాల్సి వచ్చేది. నాకు జరిగింది ఇంకొకటి. పేరు అనవసరం, నేను కొన్న ఒక సింథ్ కంపెనీ యాక్టివేషన్ సర్వర్ తీసేసింది. ప్లగిన్ ఉంది, లైసెన్స్ ఉంది, కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోదు. అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినవాడినే, అయినా అదే గతి.

అప్పటి నుంచి సొంతంగా రికార్డు చేసుకునేవి ఎస్ఎఫ్‌జెడ్ అనే శాంపిల్ ఫార్మాట్‌లో పెట్టుకుంటున్నాను. అది మామూలు టెక్స్ట్ ఫైల్, పక్కన వేవ్ ఫైళ్లు. ఏ కీకి ఏ శాంపిల్, ఏ వెలాసిటీ నుంచి ఏ వెలాసిటీ దాకా అన్నది నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. స్ఫోర్జాండో లాంటి ఉచిత ప్లేయర్లు చదువుతాయి.

సున్నాలేటెన్సీ:
బాబాయ్, సొంత శాంపిల్స్‌కి ఎస్ఎఫ్‌జెడ్ సరే. పెద్ద ఆర్కెస్ట్రా లైబ్రరీల్లో లెగాటో, అంటే నోట్లు తెగకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారడం, అంతా స్క్రిప్ట్‌లో ఉంటుంది. ఒక నోట్ నుంచి ఇంకో నోట్‌కి వెళ్లేటప్పుడు ఆ జారుడు కోసం విడిగా రికార్డు చేసిన శాంపిల్‌ని ఎంచుకోవడం, దాని ఆలస్యాన్ని సర్దడం అంతా అదే చేస్తుంది. అంత పని ఎస్ఎఫ్‌జెడ్‌లో కూర్చోబెట్టాలంటే మనం లైబ్రరీ తయారీదారులైపోవాలి. రాత్రిమిక్స్ గారు కొనాలనుకున్నది స్ట్రింగ్స్, ఆయనకి కావాల్సిందే ఆ లెగాటో.

బీట్‌బాబాయ్:
కాదనను. పూర్తయిన ప్రాజెక్టులు ఆడియోగా దాచుకోమనే నా గోల.

రాత్రిమిక్స్:
తంత్రి గారూ, చూశాను. ప్లేయర్ లైబ్రరీ కాదు. తయారీదారుకి మెయిల్ పెడితే మర్యాదగానే జవాబిచ్చారు. ఇంటర్‌ఫేస్, లెగాటో రెండూ కొత్త స్క్రిప్ట్ ఫంక్షన్లతో రాశారట, 6కి కాపీ ఇవ్వడం కుదరదన్నారు. కాబట్టి లైబ్రరీ కావాలంటే అప్‌గ్రేడ్ తప్పదు. ఇంకో సందేహం. 8 కొంటే నా పాత ప్రాజెక్టులు వాటంతటవే 8లో తెరుచుకుంటాయా?

తంత్రి:
అలా అనుకుని 6ని తీసేయకండి, అక్కడే చాలామంది దెబ్బతింటారు. 8 పక్కన కూర్చుంటుంది, 6ని తొలగించదు. 6 లైసెన్స్ కూడా పోదు. పాత ప్రాజెక్ట్ తెరిస్తే అది 6నే పిలుస్తుంది, అలాగే వదిలేయండి.

ఏదైనా ప్రాజెక్టుని తప్పనిసరిగా 8లోకి తేవాలంటే చేత్తో చేయాలి. 6లో ఆ మల్టీ (లోడ్ చేసిన వాయిద్యాలన్నీ కలిపి) మొత్తాన్ని ఎన్‌కేఎమ్ ఫైల్‌గా సేవ్ చేయండి. కొత్త ట్రాక్‌లో 8 తెరిచి దాన్ని లోడ్ చేయండి. మిడి ఛానెళ్లు, అవుట్‌పుట్ రూటింగ్ సరిచూసుకోండి. మాడ్ వీల్, ఎక్స్‌ప్రెషన్ (శబ్దం పెంచి తగ్గించేది) లాంటి మిడి కంట్రోల్, అదే సీసీ డేటా ట్రాక్‌లోనే ఉంటుంది కాబట్టి కాపీ చేస్తే వచ్చేస్తుంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లోని హోస్ట్ ఆటోమేషన్‌తో ప్లగిన్ లోపలి నాబ్‌లు తిప్పి ఉంటే అది పాత ప్లగిన్‌కి కట్టి ఉంటుంది, మళ్లీ జత చేసుకోవాలి. ఇంత పని పూర్తయిన ప్రాజెక్టుకి ఎవరూ చేయరు, చేయనక్కర్లేదు.

పాతప్లగిన్:
నా అభిప్రాయం మారలేదు. 6లో తెరుచుకునే మంచి స్ట్రింగ్స్ లైబ్రరీలు బోలెడున్నాయి. దూరపు కొండలు నునుపు. డెమో ట్రాకులన్నీ ఆర్కెస్ట్రేషన్ తెలిసినవాళ్లు చేస్తారు కాబట్టి అలా వినిపిస్తాయి. ఇప్పుడున్న స్ట్రింగ్స్‌లో వెలాసిటీ, ఎక్స్‌ప్రెషన్ మీద కూర్చుని పనిచేస్తే వచ్చే మార్పు ముందు చూడండి.

వేవ్‌టేబుల్:
అదే మాట 4 మీద ఉన్నవాళ్లు 5 వచ్చినప్పుడూ అన్నారు. ఆయనకి డెమో నచ్చింది, పనికి కావాలంటున్నారు. ఇంకెన్నాళ్లు ఎక్స్‌ప్రెషన్ గీతలు గీయమంటారు?

రాత్రిమిక్స్:
ఇద్దరూ ఆగండి, నేనేం చేయబోతున్నానో చెప్తాను. చేతిలో ఉన్న రెండు ఫిల్ములూ 6లోనే ముగిస్తాను, ఈలోగా లైబ్రరీలు ఎస్ఎస్‌డీ మీదకి వెళ్తాయి. పాతప్లగిన్ గారు అన్నట్టు ఉన్న స్ట్రింగ్స్‌తో ఒక క్యూ (ఒక సీన్‌కి సంగీతం) పూర్తిగా చేసి డైరెక్టర్‌కి వినిపిస్తాను. ఆయనకి చాలకపోతే తర్వాతి ఫిల్మ్ ఒప్పుకున్నాక డిస్కౌంట్ సమయం చూసి లైబ్రరీ, అప్‌గ్రేడ్ ఒకేసారి తీసుకుంటాను. 8లో ఉన్న టూల్స్ కోసం మాత్రం కొనను, వేవ్‌టేబుల్ గారు ఏమనుకోకండి. బాబాయ్, పాత ప్రాజెక్టులు ఆడియోగా దాచేటప్పుడు ట్రాక్‌కి ఒక ఫైల్ చాలా?

బీట్‌బాబాయ్:
ట్రాక్‌కి రెండు. రివర్బ్‌తో ఒకటి, రివర్బ్ లేకుండా ఒకటి, 24 బిట్‌లో, అన్నీ మొదటి బార్ నుంచే మొదలయ్యేలా. మిడి ఫైల్ విడిగా పెట్టండి. ఏ ప్యాచ్, ఏ మైక్ పొజిషన్ అన్నది ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాయండి. రౌండ్ రాబిన్ ఉన్న డ్రమ్స్, తీగలు మీటే పిజ్జికాటో అయితే డైరెక్టర్ ఓకే చేసిన రెండర్‌నే దాచండి. మళ్లీ రెండర్ చేస్తే దెబ్బల వరస మారుతుంది, ఆయన చెవికి అది పట్టేస్తుంది.

పాతప్లగిన్:
ఆ క్యూ అయ్యాక ఇక్కడ కూడా పెట్టండి. ఏ లైబ్రరీయో చెప్పకుండా.

వేవ్‌టేబుల్:
పెట్టండి. నేనూ వింటాను.